సోలార్ పెట్టె కాపలా

తారకయ్యగారికి వాదించే అలవాటు లేదు. శిష్యుడు ప్రశ్న వేస్తే చెప్పులు తొడుక్కుని ఎటో బయల్దేరేవారు. ఒక చలికాలం ఉదయం విశ్వపతి ఆయన్ని అడిగాడు: "గురువుగారూ, నమ్మి చెడినవాళ్లని ఎంతోమందిని చూశాం. అనుమానించేవాడికి పోయేదేముంది?"

ఈ విశ్వపతి పాలు పోయించుకునేటప్పుడు కూడా చెంబులో వేలు ముంచి చూసే రకం. గురువుగారు నవ్వి, "గాలివానకి తీగలు తెగి కరెంటు లేదు. నీ ఫోను తీసుకురా, కొండ మీద చార్జింగ్ పెట్టుకొద్దాం," అన్నారు.

కొండ మీద కొండరెడ్ల గూడెం ఉంది. అక్కడికి కరెంటు ఇంకా ఎక్కలేదు. ఎవరో పుణ్యాత్ములు మోకాలెత్తున ఒక సోలార్ పలకా, దాని కింద ఫోన్లు తగిలించే పెట్టే ఇచ్చి, చూసుకోమని గూడెంలోని బుల్లెమ్మకి అప్పగించి వెళ్లారు. పెట్టెలో బ్యాటరీ లేదు. ఎండ పడినంతసేపే చార్జింగ్ ఎక్కుతుంది. మొదట్లో అంతా సవ్యంగానే జరిగింది. ఒక మబ్బు రోజున ఎవరి ఫోనో ఎక్కలేదు. బుల్లెమ్మ మన ఫోన్లలోని చార్జింగ్ లాగి తన ఫోనుకి ఎక్కించుకుంటోందని పుకారు పుట్టింది. మర్నాటి నుంచి జనం కాపలాకి దిగారు. విచిత్రమేమిటంటే, కాపలా పెరిగినకొద్దీ చార్జింగ్ తగ్గింది. చార్జింగ్ తగ్గినకొద్దీ కాపలా పెరిగింది. చివరికి గూడెంలో పలికే ఫోను ఒక్కటీ లేకుండా పోయింది.

వీళ్లు వెళ్లేసరికి మగాళ్లంతా పలక ముందు గుంపుగా కూర్చుని ఉన్నారు. చలికి వీపులు ఎండకి పెట్టి, కళ్లు మాత్రం పెట్టెకి అప్పగించారు. వాళ్ల నీడ పలకనంతా కప్పేసింది. దూరంగా అరుగు మీద బుల్లెమ్మ ఉంది.

"సేతులు కనపడేలా కూకో!" అని ఎవరో అరిచారు.

"కూకున్నాను కదయ్యా. ఇంకేటి, నరికిమ్మంటారా?" అందామె. పాపం, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అందరికంటే ముందున్నవాడు సోమిరెడ్డి. భార్య పండమ్మకి నెలలు నిండాయి. తొలి కాన్పుకి డోలీలో మోసుకెళ్తుంటే బిడ్డ దారిలోనే పోయింది. ఈసారి ఫోనుంటే అంబులెన్సుని కొండ కింద రోడ్డు దాకా పిలవొచ్చని అతని ఆశ. అందుకే అతను పెట్టె మీద నుంచి చూపు తిప్పడం లేదు.

విశ్వపతి కూడా ఫోను తగిలించి గుంపులో చేరాడు. గురువుగారు ఇప్పచెట్టు కింద కూర్చుని, "నాయనలారా, అందరూ ఇటొచ్చి కూర్చోండి. పలక మీద ఎండ పడనివ్వండి," అని పిలిచారు.

ఎవరూ కదల్లేదు. "మనల్ని లేపాలని ఈ ముసిలాయనకి అంత తొందరేటి?" అని ఒకడు గొణిగాడు. విశ్వపతి లేవబోయాడు. తను లేస్తే పక్కవాడి చెయ్యి తన ఫోను మీదికి పోతుందేమో అనిపించింది. మళ్లీ కూర్చున్నాడు.

ఇంతలో ఇళ్లవైపు నుంచి కేక వినిపించింది. పండమ్మకి నొప్పులు మొదలయ్యాయి. సోమిరెడ్డి ఫోను నొక్కి చూశాడు. అది పలకలేదు. అతను ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడు. అతని వెనకే అందరూ, బుల్లెమ్మా, విశ్వపతీ కూడా పరుగెత్తారు. ఫోన్ల సంగతి ఒక్కడికీ గుర్తు లేదు.

వెదురు కొట్టి, దుప్పటి కట్టి, డోలీ సిద్ధం చేసి పెట్టె పక్కనుంచి మోసుకొచ్చేసరికి ఫోన్లన్నిటికీ దీపాలు వెలుగుతున్నాయి. సోమిరెడ్డి తన ఫోను లాక్కుని, సిగ్నల్ కోసం గుట్టెక్కి అంబులెన్సుని పిలిచాడు. డోలీ రోడ్డు చేరేసరికి బండి ఎదురుగా నిలబడి ఉంది. ఆసుపత్రి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని కబురు వచ్చింది, ఫోనులోనే.

గూడెమంతా సంబరపడింది. అందులోనూ ఒకడు గడ్డం గోక్కుని, "మనం ఉన్నంతసేపూ ఎక్కనిది, మనం లేకపోతే ఎక్కిందంటే బుల్లెమ్మ పనే," అన్నాడు.

"ఆవిడ మనతోనే ఉంది కదరా!"

"అయితే చెట్టు కింద ఉండిపోయిన ఆ ముసిలాయన పనే."

కొండ దిగుతూ విశ్వపతి గురువుగారి పక్కకి వచ్చాడు. "పిలిచినప్పుడే నేను లేచి ఉండాల్సింది. పక్కవాడు నా ఫోను ఎత్తుకుపోతాడేమోనని కూర్చుండిపోయాను," అన్నాడు.

తారకయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేసి నడుస్తూ అన్నారు: "కాపలా బాగానే కాశావు నాయనా. దొంగనీ రానివ్వలేదు, ఎండనీ రానివ్వలేదు."