దారం సన్నబడిన చోట

ఖలందర్ ఆ సాయంత్రం సలాం కూడా చెప్పకుండా వచ్చాడు. చేతిలోని పట్టుదారం చిలపను గురువు నూరుల్లా బాబా ముందు పడేసి, దర్గా అరుగు మీద కూలబడ్డాడు.

పట్టుగూళ్లను ఉడుకునీళ్లలో వేసి దారం తీయడం అతని పని. పెళ్లికి ముందునుంచీ హిందూపురంలో అదే షెడ్డు, అదే ఆవిరి. ఇప్పుడు చైనా నుంచి నున్నటి దారం చౌకగా దిగుతోంది. షెడ్డు యజమాని పొద్దున ఆ చైనా దారం చిలపను అతని మొహాన విసిరి, సగం కూలికి చేస్తావా, ఇంటికి పోతావా అని తేల్చేశాడు. సగం కూలికి బియ్యం వస్తే పప్పు రాదు. మానేస్తే రెండూ రావు. గొడవపడే ఓపిక కూడా ఖలందర్‌కు మిగల్లేదు.

“నా పొట్ట కొట్టినాడు బాబా. ఈ దారం తీసినోని చేతులు పడిపోవల్లని దువా చెయ్యండి.”

“చేస్తాలే. ఎవరి చేతులు?”

“చైనావోనివి.”

“ఆడ శానామంది ఉండారు గదరా. ఒకరికి పెట్టిన శాపం ఇంకొకరికి తగిలితే ఎట్ల? ఆ పోగు చూసి, తీసినోడెవడో చెప్పు.”

ముసలాయనకు మతి తప్పిందనుకున్నాడు ఖలందర్. అయినా గురువు మాట. పోగు పట్టుకుని వేళ్ల మధ్య జారవిడవసాగాడు. మంచి దారమే. ఆ సంగతి మరింత మంటగా ఉంది.

కాస్త దూరం పోయాక వేళ్లు ఆగాయి.

“ఏమైంది?”

“ఈడ సన్నబడింది బాబా. కలిపి తీసే గూళ్లలో ఒకటి అయిపోయింటుంది. ఇంకో గూడు పోగు అందించేలోపల కునుకు పట్టినట్టుంది. పొద్దన్నుంచి ఆవిరి ముందర నిలబడితే కండ్లు వాల్తాయి.”

“నీకూనా?”

ఖలందర్ వేళ్లు మళ్లీ కదిలాయి. ఇంకొంచెం ముందుకు పోతే ముడి తగిలింది. తెగిన పోగును గబుక్కున కలిపి, కొసలు కనబడకుండా మొదలంటా తుంచేసిన ముడి. యజమాని కంటపడితే కూలి కోస్తాడు మరి. తనూ అట్లాగే వేస్తాడు.

బాబా దువాకు రెండు చేతులూ పైకెత్తాడు. “ఇప్పుడు చెప్పు. ఎవరి చేతులు పడిపోవల్ల?”

ఖలందర్ చిలపను మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు.

“రేపు నా పని ఏమైతుంది బాబా?”

“నాకు తెలీదురా నాయనా.”

బాబా లేచి వెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చాడు. నీళ్లలో నాని పగిలిన శిష్యుడి వేళ్లను పట్టుకుని, ఒక్కొక్కదానికీ నూనె రాయసాగాడు.

“ఆడ వానికి ఎవరు రాస్తారో,” అన్నాడు.