చింతపిక్క కంటి వైద్యం

అనగనగనగా, ఏటి పక్కన ఒక ఊళ్ళో, అచ్చాయమ్మ అని ఒకావిడ ఉండేది. దుప్పటి కప్పుకో అమ్మడూ, ఊఁ కొట్టు. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, తర్వాత నన్నడిగితే నాకు తెలీదు.

ఆ అచ్చాయమ్మ పనేమిటంటే పచ్చళ్ళు కలపడం. ఎండాకాలం వచ్చి మామిడికాయలు దిగాయంటే చాలు, ఊళ్ళో ఇంటింటి నుంచీ కబురే. "అచ్చాయమ్మా, ముక్కలు కొట్టించాం, కారం దంపించాం, నువ్వొచ్చి చెయ్యి పెట్టడమే తరువాయి" అనేవాళ్ళు. ఎందుకంటే ఆవిడ చెయ్యి మంచిదని ఊరంతటికీ నమ్మకం. ఆవిడ కలిపిన ఆవకాయ మళ్ళీ ఏడాది మామిడికాయలు వచ్చేదాకా చెక్కుచెదిరేది కాదు. అదే ఇంకొకరు కలిపితే మూడు నెలలకే బూజు పట్టేది. ఉప్పు అదే, కారం అదే, నూనె అదే. మరి చెయ్యి గొప్ప కాక ఇంకేమిటి?

అందుకని అచ్చాయమ్మకి తన చెయ్యంటే మహా గర్వం. వీధిలో నడిచేటప్పుడు కూడా ఆ కుడిచెయ్యి కాస్త ముందుకు పెట్టుకుని నడిచేదట.

ఆవిడకి తనవాళ్ళంటూ ఎవరూ లేరు. ఒక్క కప్ప ఉండేది.

నవ్వకు. కప్పే. బురదలో బెకబెకమనే కప్ప కాదు, చెట్టుకప్ప. సన్నటి కాళ్ళు, వేళ్ళ చివర గుండీల్లాంటి మెత్తలు. గోడనైనా గాజునైనా పట్టుకుని ఎక్కేస్తుంది. కిందటి వానాకాలంలో ఎటు నుంచి వచ్చిందో వచ్చి, నీళ్ళకుండ వెనక గోడకి అతుక్కుని కూర్చుంది. గోధుమరంగులో నున్నగా మెరుస్తోందని అచ్చాయమ్మ దానికి చింతపిక్క అని పేరు పెట్టింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాని నెత్తిమీద వేలితో రాసేది. అది హాయిగా కళ్ళు మూసుకునేది. ఆవిడ ఎన్ని కబుర్లు చెప్పినా వినేది, ఎదురు చెప్పేది కాదు. పెంచుకోవడానికి అంతకంటే బుద్ధిమంతులు ఎక్కడ దొరుకుతారు?

వానాకాలం వెళ్ళింది. చలికాలం వెళ్ళింది. ఆ నెలల్లో పచ్చళ్ళ పని ఉండదు కదా, అచ్చాయమ్మ ఇంట్లో కూర్చుని విస్తళ్ళు కుట్టుకునేది. ఆ తర్వాత ఎండలు ముదిరాయి, మామిడికాయలు దిగాయి, ఆవిడ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది.

అలా మొదలుపెట్టిన నాలుగో రోజున చింతపిక్కకి కన్ను వాచింది.

ఏ కన్నంటావా? అచ్చాయమ్మకీ అదే తేలలేదు. అది తల పైకి పెట్టి గోడమీద కూర్చుంటే ఎడమకన్ను అనిపించేది. తలకిందులుగా కూర్చుంటే కుడికన్ను అనిపించేది. ఏ కన్నయితేనేం, ఉబ్బి, మూసుకుపోయి, చివర నీరు కారుతోంది. కప్ప కంటితో చూసే కదా పురుగుని పట్టేది! కన్ను పోతే తిండి పోతుంది, తిండి పోతే కప్పే పోతుంది.

అప్పుడు ఆవిడ పక్కింటి రత్తమ్మ దగ్గరికి పరిగెత్తింది. రత్తమ్మ ఐదుగురు పిల్లల్ని పెంచిన మనిషి, ఆవిడకి తెలియని చిట్కా లేదు.

"ఓస్, ఇంతేనా! నందివర్ధనం పువ్వు నీళ్ళలో వేసి, చల్లగా తీసి కంటిమీద పెట్టవే. మా పిల్లలకి కండ్లకలకలొస్తే అదే పెట్టేదాన్ని" అంది రత్తమ్మ.

సరే అని, ఆ రోజు మూడిళ్ళలో ఆవకాయ కలిపి వచ్చి, అచ్చాయమ్మ పువ్వు కోసింది. నీళ్ళలో ముంచింది. కప్పని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పువ్వు అద్దింది. చింతపిక్క కాళ్ళు కొట్టుకుంది. "ఊరుకో, ఊరుకో, మందు అంటే అలాగే ఉంటుంది" అని మళ్ళీ అద్దింది.

తెల్లారేసరికి వాపు రెట్టింపయింది.

అంతలో ఎటు నుంచో ఒక పురుగు వచ్చి కప్ప మూతి ముందే వాలింది. చింతపిక్క దాన్ని ఎలాగో నోట కరిచి గుటుక్కుమని మింగబోయింది. మింగుతుంటే కళ్ళు రెండూ గుంటల్లోకి దిగి కనబడకుండా పోయాయి! అచ్చాయమ్మ పెట్టిన కేకకి రత్తమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"నీ పువ్వు మండిపోనూ! ఒక కన్ను బాగుచెయ్యమంటే రెండు కళ్ళూ మాయం చేసిందే!"

"పిచ్చిమొహమా, మింగుడుపడటానికి కప్పలు కళ్ళు లోపలికి లాక్కుంటాయే. అదిగో చూడు" అంది రత్తమ్మ. చూస్తే కళ్ళు మళ్ళీ పైకి వచ్చాయి. వాచిన కన్ను వాచినట్టే ఉంది. అచ్చాయమ్మకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తర్వాత సంత వచ్చింది. సంతలో కాశిం సాయిబని ఒకాయన కళ్ళజోళ్ళు, అత్తరు, పన్నీరు అమ్మేవాడు. కళ్ళజోళ్ళు అమ్మేవాడికి కళ్ళ సంగతి తెలియకుండా ఉంటుందా అని, అచ్చాయమ్మ కప్పని చిన్న ముంతలో పెట్టి, తడిగుడ్డ కట్టి తీసుకెళ్ళింది.

సాయిబు ముంతలోకి చూశాడు. ఒక కళ్ళజోడు చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మా, పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ దీనికి ముక్కేదీ? జోడు దేనిమీద నిలబడుతుంది?"

"జోడు కాదు సాయిబూ, మందు!"

"మందా! అలా చెప్పు" అని ఒక సీసా పన్నీరు ఇచ్చాడు. పొద్దునొక చుక్క, సాయంత్రమొక చుక్క.

మర్నాడు అమావాస్య. అమావాస్యనాడు ఆ ఊళ్ళో ఎవరూ పచ్చడి కలపరు. అచ్చాయమ్మ తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, తీరిగ్గా కూర్చుని పన్నీరు చుక్కలు వేసింది. ఏం చెప్పమంటావు! సాయంత్రానికి వాపు తీసింది. కన్ను సన్నగా విచ్చుకుంది. అచ్చాయమ్మ సంతోషం పట్టలేక సాయిబుని నోరారా దీవించింది.

ఆ మర్నాడు నాలుగిళ్ళలో ఆవకాయ కలిపి వచ్చింది. అదే సీసా. అదే పన్నీరు. అవే చుక్కలు. పొద్దుగుంకేసరికి కన్ను మళ్ళీ బుడగలా ఉబ్బింది.

అచ్చాయమ్మ బుర్ర గిర్రున తిరిగింది. నిన్న మందయింది ఇవాళ విషమెలా అయింది? పన్నీరు చెడిపోయిందా? వాసన చూస్తే గుప్పున పూల వాసనే. పోనీ, అమావాస్య గొప్పదనమా? అయితే మళ్ళీ అమావాస్య వచ్చేదాకా కన్ను ఆగుతుందా? లేక నిన్న దీవించాను కాబట్టి నా దిష్టే తగిలిందా? ఆలోచించి ఆలోచించి, నిన్నటి దీవెనలన్నీ వెనక్కి తీసుకుని, సాయిబుని తిట్టి పడుకుంది. పాపం, ఆయన తప్పేముంది? కానీ ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఆవిడకి ఊపిరాడలేదు.

ఇంక మూడోది. పొరుగూళ్ళో పశువుల ఆస్పత్రికి వెళ్ళింది. ముందొక గేదె, వెనక రెండు మేకలు, మధ్యలో ముంత పట్టుకుని అచ్చాయమ్మ. డాక్టరమ్మ గేదెని చూసి పంపించి, ముంతలోకి తొంగిచూసి, కప్పని వెలుతురులోకి తిప్పింది.

"దీని కంట్లో మంట పుట్టించేది ఏదో పడుతోందమ్మా. అదేమిటో మీరే కనిపెట్టాలి. ముందు మంచినీళ్ళతో కడగండి, తర్వాత ఈ చుక్కలు వెయ్యండి. శుభ్రమైన చేత్తో వెయ్యాలి సుమండీ."

అంతే! అచ్చాయమ్మకి ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది.

"నా చేతికేం వచ్చిందండీ? ఊరు ఊరంతా నా చేత్తో కలిపిన పచ్చడే తింటోంది. ఇంతవరకూ ఒక్క జాడీ బూజు పట్టలేదు. నా చెయ్యి మంచిది కాదని ఎవరన్నారు మీతో?"

"అబ్బే, నేనలా అనలేదమ్మా" అని డాక్టరమ్మ మేక వైపు తిరిగిపోయింది.

అచ్చాయమ్మ ఇంటికొచ్చి, కంట్లో ఏం పడుతోందా అని వెతకడం మొదలుపెట్టింది. పైకప్పు నుంచి దుమ్మేమోనని ఇల్లంతా బూజులు దులిపింది. పొయ్యి పొగేమోనని పొయ్యిని పెరట్లోకి మార్చింది. గోడ సున్నమేమోనని గోడంతా కడిగింది. చేతులూ కడుక్కుంది. కడుక్కుని, ఎప్పటిలాగే కొంగుకి తుడుచుకుని, డాక్టరమ్మ ఇచ్చిన చుక్కలు వేసి, కన్ను చుట్టూ వేలితో మెత్తగా రాసింది.

ఏమిటలా లేచి కూర్చున్నావు? నీకు తెలిసిపోయిందా? ష్, నోరు మూసుకో. అచ్చాయమ్మకి ఇంకా తెలీదు.

అప్పుడు ఏమైందంటే, కన్ను తెల్లగా మారిపోయింది. మజ్జిగ పోసినట్టు. రెండో కన్నుకి కూడా నీరు మొదలైంది. చింతపిక్క గోడ ఎక్కడం మానేసి కుండ అడుగున ముడుచుకుని కూర్చుంది. పురుగుల్ని పట్టి ముందు వేసినా నోరు తెరవలేదు. ఒకరోజు గడిచింది. రెండోరోజు గడిచింది. మూడోరోజుకి దాని పొట్ట వీపుకి అంటుకుపోయింది.

ఆ రోజు కూడా ఆవకాయ కలిపి వచ్చిన అచ్చాయమ్మ ఆ కుండ పక్కన చతికిలబడి భోరుమంది.

ఇక్కడ నీకొక సంగతి చెప్పాలి. పచ్చళ్ళు కలిపేవాళ్ళు చెమట పట్టినా, కన్ను దురదపెట్టినా, అరచెయ్యి మొహం దగ్గరికి రానివ్వరు. ముంజేత్తో తుడుచుకుంటారు. అచ్చాయమ్మ పాతికేళ్ళుగా అలాగే తుడుచుకుంటోంది. ఎందుకలా తుడుచుకుంటోందో ఎప్పుడో మరిచిపోయింది, అలవాటొక్కటే మిగిలింది. ఆ రోజు దుఃఖంలో ఆ అలవాటు కూడా మరిచిపోయింది. రెండు అరచేతులతో కళ్ళు తుడుచుకుంది.

"అమ్మో!"

నిప్పులు పోసినట్టయింది. అచ్చాయమ్మ కళ్ళు మూసుకుని నేలమీద దొర్లింది. రత్తమ్మ పరిగెత్తుకొచ్చి చెంబుల కొద్దీ నీళ్ళు మొహాన కొట్టింది. "ఆవకాయ చేతులతో కళ్ళు తుడుచుకుంటారటే! నీకేమన్నా మతిపోయిందా?" అంది.

అచ్చాయమ్మ ఏడుపు ఆపేసింది. ఆ తర్వాత మెల్లగా కళ్ళు విప్పి తన చేతులు చూసుకుంది. గోళ్ళ సందుల్లో కారం. వేళ్ళ గీతల్లో ఆవపిండి. కొంగు నిండా ఎర్రటి మరకలు.

"రత్తమ్మా, నా కన్ను మండితే నువ్వు నీళ్ళు పోశావు. దాని కన్ను మండితే నేను మళ్ళీ మళ్ళీ కారం పూశానే" అంది.

రత్తమ్మ చెంబు కింద పెట్టింది.

"దానికి గోడలెక్కే వేళ్ళున్నాయే. ఎగిరే కాళ్ళున్నాయి. నా చెయ్యి వస్తుంటే పారిపోవచ్చుగా? పారిపోకుండా కళ్ళు మూసుకుని కూర్చునేదే, నేను ముద్దు చేస్తానని!" అని అచ్చాయమ్మ మళ్ళీ ఏడ్చింది. ఈసారి కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

అప్పుడు రత్తమ్మ చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చింది. కప్పని మంచినీళ్ళతో కడిగింది, డాక్టరమ్మ చుక్కలు వేసింది, కొత్త ముంతలో తడి ఆకులు పరిచి నీడన పెట్టింది. అచ్చాయమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దూరంగా నిలబడి చూసింది.

మొదటిరోజు నీరు కారడం ఆగింది. రెండోరోజు తెలుపు పలచబడింది. మూడోరోజు చింతపిక్క ముంతలోంచి పైకొచ్చి, గోడెక్కి, రెండు కళ్ళూ విప్పి, వాలిన పురుగుని చటుక్కున పట్టి మింగింది.

ఆవకాయల రోజులు ఇంకా అయిపోలేదు. మళ్ళీ కబుర్లు వచ్చాయి. "రా అచ్చాయమ్మా, నీ చెయ్యి మంచిది" అన్నారు.

"మంచిదేనమ్మా, జాడీకి" అంది అచ్చాయమ్మ. ఆ మాట వాళ్ళకి అర్థం కాలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చింతపిక్క గోడమీద ఎదురుగా కనిపించింది. అచ్చాయమ్మ చెయ్యి తనంతట తనే ముందుకు వెళ్ళబోయింది. గబుక్కున వెనక్కి లాక్కుంది. కప్పకి అర్థం కాలేదు. కాసేపు ఇటు జరిగింది, కాసేపు అటు జరిగింది. ఈవిడ ఎందుకు ముద్దు చెయ్యట్లేదా అని తెల్లబోయి చూసింది. చూసి చూసి, ఒక్క గెంతు గెంతి ఆవిడ కొప్పుమీద కూర్చుంది.

ఇప్పుడు అచ్చాయమ్మకి పెద్ద చిక్కొచ్చిపడింది. ముట్టుకుందామంటే చెయ్యి పనికిరాదు. చూద్దామంటే నెత్తిమీద ఉన్నది ఎలా కనబడుతుంది? తల కదిలిస్తే పడిపోతుందేమోనని మెడ బిగబట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ రత్తమ్మ గుమ్మం దాకా వెళ్ళింది.

"రత్తమ్మా, కాస్త చూసి చెప్పవే. కన్ను తెరిచే ఉందా?"

"తెరిచే ఉందే."

"తేటగా ఉందా?"

"అద్దంలా ఉంది."

"ఏం చూస్తోందే?"

రత్తమ్మ దగ్గరికొచ్చి, మునివేళ్ళ మీద లేచి చూసింది.

"నువ్వు ఎటు చూస్తున్నావో అటే చూస్తోందే" అంది.

కప్ప చేరె కొప్పుకి,
కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి,
మనమిద్దరం ఇంటికి.