తుంగేటి వంతెన సందులో రావిమొక్క

రండి, దగ్గరగా కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్లు కూడా ముందుకు జరగండి, చాప మీద ఇంకా చోటుంది. అమ్మా, ఆ పసిదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకో, నిద్రపోయినా పరవాలేదు. ఇది గట్టిగా అరిచి చెప్పే కథ కాదు.

గోదావరి దిగువన పల్లపు నేలల్లో తుంగేరని ఒక ఏరు ఉండేది. రెండు ఒడ్డులా తుంగ, జమ్ము, మోకాటి లోతు బురద. నేల ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో తెలియని చోటు. ఆ బురదంతటికీ దారి ఒక్కటే, కింద నీళ్లు పారే మూడు కమానుల ఖానాలున్న పాత రాతి వంతెన. అవతలి నాలుగు ఊళ్లవాళ్లు మంత్రసానిని పిలుచుకుపోవాలన్నా, ధాన్యం బండి తోలాలన్నా దాని మీదుగానే.

వంతెన పక్కన తాటాకు పాకలో కోటిలింగస్వామి అనే పెద్దాయన ఉండేవాడు. ఆయనకు లోవరాజు అని ఒక శిష్యుడు. తుంగచాపలు అల్లుకుని బతికేవాడు. అతని ఏడేళ్ల కూతురు మంగ జ్వరం వచ్చిన మూడో రోజున పోయింది. ఏటి గట్టునే, వంతెనకి కాస్త ఎగువన పాతిపెట్టారు. ఆ తర్వాత ఇంట్లో కాలు నిలవక లోవరాజు స్వామి దగ్గరికి చేరాడు.

ఆ ఏటి వానల్లోనే వంతెన నడిమి ఖానాని మోసే స్తంభంలో, రాళ్ల సందున, ఒక రావిమొక్క మొలిచింది. ఏ పిట్టో తిని విడిచిన గింజేనని అందరికీ తెలుసు. లోవరాజుకీ తెలుసు. అయినా మంగని పాతిన గట్టుకి ఎదురుగా అది మొలిచిన చోటు చూశాడు. రెండు లేత ఆకులు గాలికి ఊగుతుంటే చూశాడు. ఇక మనసు అతని మాట వినలేదు.

రోజూ పొద్దున్నే ఏట్లోకి దిగి, చెంబుతో నీళ్లు పోసి, పసుపూ కుంకుమా పెట్టి, కాసేపు దానితో ఏదో మాట్లాడి వచ్చేవాడు. మొక్క అతని నడుమెత్తు పెరిగింది. స్వామి పాకలోంచి చూస్తూనే ఉండేవాడు.

ఆ సీమలో ఒక కట్టుబాటు ఉంది. మృగశిర కార్తె రాకముందే ఇంటికొకరు వచ్చి వంతెన పని చెయ్యాలి. ఖానాలకి అడ్డంపడ్డ తూడు, నీటి కలుపు లాగెయ్యాలి. సందుల్లో మొలిచిన ప్రతి మొక్కనీ పీకి, ఆ చోట గానుగ సున్నం కూరాలి. ఏ మొక్కనీ వదలకూడదు. కానీ రావి ముందు అందరి చేతులూ ఆగిపోయాయి. మొదటి ఏడు చూసి వదిలేశారు. రెండో ఏడు దండం పెట్టి వదిలేశారు. మూడో ఏటికి వేరు రాళ్లని ఎడంచేసి, ఆ సందులో బొటనవేలు పట్టింది.

సున్నం పని చేసే బుల్లెయ్య దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. ఈసారి వరదకి ఈ రాయి కదిలిందంటే ఖానా నిలవదని తేల్చేశాడు. మరి పీకెయ్యరా అని ఎవరో అంటే రెండడుగులు వెనక్కి వేశాడు.

"పిల్లలు గలవాణ్ణి బాబూ, రావి మీద నేను చెయ్యి వెయ్యను. లోవరాజు మావా, నీ చెట్టు నువ్వే చూసుకో. లేదంటే ఒక వేపమొక్కని వెతుకు, పెళ్లి చేసి అత్తారింటికి పంపేద్దాం."

నలుగురు నవ్వారు. లోవరాజు నవ్వలేదు. ఎవరితో ఏమన్నాడో బుల్లెయ్యకి అప్పుడు తట్టింది. తల దించుకుని సున్నం కలుపుకోసాగాడు.

లోవరాజు నేరుగా స్వామి దగ్గరికి వెళ్లి కాళ్ల మీద పడ్డాడు.

"స్వామీ, అశ్వత్థం నారాయణుడి రూపమని మీరే చెప్పారు. దాన్ని ముట్టుకోవద్దని ఒక్క మాట అనండి. మీరంటే అందరూ వింటారు."

స్వామి కర్ర పక్కన పెట్టి, పంచె ఎగ్గట్టి, లోవరాజు భుజం ఊతగా పట్టుకుని ఏట్లోకి దిగాడు. డెబ్భై దాటిన మనిషి. నడుము లోతు నీళ్లలో స్తంభం దాకా నడిచాడు. మొక్క ముందు రెండు చేతులూ జోడించి చాలాసేపు నిలబడ్డాడు. లోవరాజు మనసు కుదుటపడింది.

అప్పుడన్నాడు స్వామి, "ఆ సందులో వేలు పెట్టు."

పెట్టాడు. లోపల చల్లగా ఉంది. వేరు తగిలింది, మెత్తగా, పసిబిడ్డ చెయ్యి తగిలినట్టు.

"అలాగే ఉంచు."

అంతలో వంతెన మీదికి ఒక బండి ఎక్కింది. చక్రాల చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ పైరాయి నెమ్మదిగా దిగసాగింది. సందులోంచి పాత సున్నం పొడిపొడిగా నీళ్లలోకి రాలింది. బండి నడిమి ఖానా మీదికి వచ్చేసరికి రాయి అతని వేలిని పట్టేసింది. పళ్లు బిగబట్టాడు గానీ లాక్కోలేదు.

బండిలో ఎవరున్నారో కిందివాళ్లకి కనిపించదు. మాటలు మాత్రం వినపడ్డాయి. ఒక ఆడపిల్ల గొంతు, ఇక్కడ చేపలుంటాయా నాన్నా అని అడుగుతోంది. ఉంటాయిలే, వంగి చూడకు, కూర్చో అంటున్నాడు తండ్రి.

బండి దాటింది. రాయి మళ్లీ పైకి లేచింది.

లోవరాజు తలెత్తి చూశాడు. పిట్టగోడ తప్ప ఏమీ కనిపించలేదు.

"ఎవరి పిల్ల స్వామీ?"

"ఎవరో ఒకరి పిల్ల నాయనా."



లోవరాజు సందులోంచి వేలు తీసి, బుల్లెయ్యని పిలిచి ఇనుప ఊచ అడిగాడు. వంతెనకి రెండు కొసలా బండ్లు ఆపించాడు. పొద్దు వాలేదాకా ఆ వేరు చుట్టూ తవ్వాడు. సాయం వస్తామన్నవాళ్లని రానివ్వలేదు. చివరికి మొక్క ఊడి చేతిలోకి వచ్చాక, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. స్వామి చేతులు చాచాడు. రెండు చేతులా దాన్ని పొదివి పట్టుకుని, ఆ నీళ్లలోనే నిలబడ్డాడు.

బుల్లెయ్య సున్నం తట్ట అందించాడు. లోవరాజు తన చేత్తోనే సందు నింపాడు. నలిగిన వేలికి సున్నం మండుతుంటే ఆగి, మళ్లీ కూరాడు.

ఆ మొక్కని తర్వాత ఎక్కడ నాటారు, బతికిందా అని మీరు అడుగుతారు. నాకు ఈ కథ చెప్పినవాళ్లు అది చెప్పలేదు. వంతెన మాత్రం ఆ ఏటి వరదకి నిలిచింది.

తల్లులారా, తండ్రులారా, మిగతాదంతా మరిచిపోయినా ఒక్క పని గుర్తుపెట్టుకోండి. అతను ఆ సందులో వేలు పెట్టి, బండి దాటేదాకా తియ్యలేదు. ఇంటికి వెళ్లాక, మీకు వీలైన రోజున, మీరు వదల్లేక పెంచుకుంటున్నది ఎవరి దారిలో రాయిని కదుపుతోందో, మీరూ ఒకసారి అలా వేలు పెట్టి చూడండి.