మన పిల్ల, మన బొరియ

రైతు వదిలేసిపోయిన ఒక పాత దొడ్డిలో సర్వేశమనే మేకపోతు, తల్లిలేని అతని కూన, బసవడనే ఎద్దు, చుక్కమ్మనే కోడి కాపురముండేవారు. సర్వేశానికి బారెడు గడ్డం. ఇంత గడ్డం పెట్టుకుని ఒక సిద్ధాంతమైనా లేకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని అతనికి బెంగ. ఆలోచించి ఆలోచించి ఒకనాడు పెంటదిబ్బ ఎక్కాడు.

"ఇవాళ్టి నుంచి 'నా' అనే మాట బంద్! అన్నిటినీ 'మన' అనాలి. 'నా' అన్నవాళ్లకి ఆ పూట మేత లేదు."

బసవడు నెమరు ఆపకుండానే, "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు తమ్ముడూ" అన్నాడు.

"గొర్రెల మాట గొర్రెలకి చెప్పు. నేను మేకని!"

'మన' అన్న మాట నిజంగానే బాగుంది. గడ్డీ గింజలూ ఒకే కుప్ప పోసి, అందరూ ఒక్కచోట తింటుంటే సర్వేశానికి కళ్లు చెమర్చాయి. ఆ ఊపులో చుక్కమ్మ పెట్టిన గుడ్లని దారినపోయే ఉడుముకి "మన గుడ్లే, తీసుకో" అని ధారపోశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం! "అయ్యో, నా గుడ్లు!" అని కోడి గొల్లుమంది. సర్వేశం గడ్డం నిమురుకుని, ఆమెకి ఆ పూట మేత ఆపేశాడు. ఇంత నిక్కచ్చి మేక నేనేనా అని తన మీద తనకే ముచ్చటేసింది.

ఈ కబురు విని నక్క వచ్చింది.

"నన్నూ కలుపుకో బావా. ఉన్నదల్లా ఒక బొరియ. అదీ ఇక మనదే."

"ఎంత త్యాగం!" అన్నాడు సర్వేశం.

నక్క అతని వెనక నిలబడ్డ కూనని చూసింది. "మన పిల్ల ఎంత బొద్దుగా ఉంది! పాపం, చలిలో పడుకుంటోంది. మన పిల్ల మన బొరియలో పడుకుంటే తప్పేంటి?"

సర్వేశం సిద్ధాంతంలో ఎక్కడైనా సందుందేమోనని వెతికాడు. తనే కట్టుదిట్టంగా కట్టాడాయె, సందెక్కడిది?

"తప్పేముంది అన్నా, మన పిల్లే కదా!" అంది చుక్కమ్మ, తీరిగ్గా రెక్కలు సవరించుకుంటూ.

నక్క కూన మెడ దగ్గరికి మూతి చాపింది.

"నా పిల్లే, దొంగనక్కా! నా పిల్ల! నా పిల్ల!" సర్వేశం కొమ్ములు వంచి ఒక్క కుమ్ము కుమ్మాడు.

నక్క పెంటదిబ్బ అవతల పడి లేచి, "మూడుసార్లన్నాడు! మూడు పూటలు మేత లేదు!" అని అరుస్తూ పరుగెత్తింది.

బసవడు నెమరు ఆపి ఒకసారి చూసి, మళ్లీ నెమరేసుకున్నాడు. అదే సర్వేశానికి మరీ సిగ్గనిపించింది. కూనని కాళ్ల మధ్య దాచుకుని మేత కుప్పకి దూరంగా కూర్చున్నాడు. ఇంత ఇరుకు గుండె పెట్టుకుని లోకమంతటికీ చోటిస్తానన్నానే అని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం చుక్కమ్మ తను ఏరుకున్న కాసిని జొన్నలు ముక్కుతో నెట్టుకుంటూ వచ్చింది.

"తిను అన్నా. ఇవి నా గింజలు."

"నీవైతే నాకెందుకమ్మా?"

"నావి కాబట్టే పెడుతున్నా. కుప్పలోవైతే పెట్టడానికి నేనెవర్ని?"

సర్వేశం తల వంచుకుని తిన్నాడు. "నీ గుడ్లు..." అని మొదలుపెట్టి, మిగిలిన గింజల్ని ఆమె వైపు తోశాడు.

నీతి: పక్కవాడి గుడ్డుని 'మన' అనడానికి నోరుంటే చాలు, సొంత కూనని అనాలంటే దేవుడు దిగిరావాలి.