డప్పు మోగని చట్టం

కుందవరం రాజు ఉద్దండరాయలవారికి చట్టాలు మార్చాలన్న బుద్ధి మామిడిపండు జుర్రుకుంటూండగా పుట్టింది. రసం మోచేతిదాకా కారుతున్న సమయంలో ఒక విదేశీ వర్తకుడు, "మా దేశంలో ఏటా కొత్త చట్టాలొస్తాయి ప్రభూ. మీరింకా తాతగారి చట్టాలతోనే నెట్టుకొస్తున్నారా?" అని నవ్వాడు. రాజుగారికి టెంక గొంతులో అడ్డంపడ్డంత పనయింది.

మర్నాడే ఆస్థాన పండితుడు చతురానన దీక్షితులు పల్లకీ ఎక్కి పరదేశాలకు బయలుదేరాడు. ఆయన గొంతు శంఖం. ఆయన పిలక జానెడున్నర. రోజూ సంపెంగ నూనె పట్టించి, ఎండలో ఆరబెట్టి మరీ ముడివేసేవాడు. ఆ పిలకతో మనకు తర్వాత పనుంది.

ఏడాది తర్వాత మూడు చట్టాలతో తిరిగొచ్చాడు.

మొదటిది ఇసుక దేశానిది. నెలకొక్కసారే బట్టలు ఉతకాలి. అక్కడ నీళ్లు లేవు, పెట్టుకున్నారు. కుందవరంలో మోకాలిలోతు ఏరు ఏడాది పొడుగునా పారుతుంది. అయినా చట్టం చట్టమే. పదిహేను రోజులకల్లా మంత్రులు ముక్కులు మూసుకుని మాట్లాడటం మొదలెట్టారు.

రెండోది దీవుల దేశానిది. ప్రతి ఇంటిముందూ పడవ ఉండాలి. జనం పడవలు చేయించి వాకిట్లో పెట్టుకుంటే వాటిలో కోళ్లు పొదిగాయి. పెద్ద పడవ ఉన్నవాడే ఊరిపెద్ద అయ్యాడు. పెళ్లివారు కుర్రవాడి చదువు సంగతి వదిలేసి పడవ ఎన్ని మూరలని అడగసాగారు.

మూడోది మంచుకొండల దేశానిది. వీధిలో డప్పు కొట్టకూడదు, గొంతెత్తి అరవకూడదు. తప్పితే సగం తల గొరిగిస్తారు.

అది వినగానే చాటింపు గవరయ్య కోటకు పరిగెత్తుకొచ్చాడు. మూడు తరాలుగా ఆ ఇంటికి కూడు పెట్టింది డప్పే. కుందవరంలో రాజుగారు ముద్ర వేసినంత మాత్రాన ఏదీ చట్టం కాదు. మూడు వీధుల్లో గవరయ్య డప్పు మోగితేనే చట్టం.

"దీక్షితులుగారూ, అక్కడ ఈ చట్టం ఎందుకు పెట్టారండీ?" అన్నాడు గవరయ్య.

"ఎందుకని అడగటం మోటుతనంరా. రేపు ఇది చాటించి, డప్పు కోటలో అప్పజెప్పి, గేదెలు కాసుకో."

"మాకు గేదెల్లేవండీ."

"ఊళ్లోవాళ్లవి కాసుకో!"

గవరయ్య రాజుగారికేసి తిరిగాడు. "మహాప్రభో, డప్పు కొట్టి ఈ చట్టం చాటితే చెబుతూ చెబుతూనే తప్పినవాణ్ణవుతాను. నా సగం జుట్టు పోతుంది."

"గుసగుసగా చెప్పరా! ఆ మాత్రం తెలీదూ?" అన్నాడు దీక్షితులు.

"చిత్తం. తమ మాట ప్రకారమే."

మర్నాడు పొద్దున్నే గవరయ్య డప్పు భుజాన తగిలించుకుని, ఒక్కొక్కరి చెవిలో చట్టం ఊదుకుంటూ అంగడివీధిన బయలుదేరాడు. చివర ఒక్క ముక్క కలిపేవాడు: "తెచ్చింది దీక్షితులుగారు. నవ్వొస్తే చప్పుడు చెయ్యకండి."

వీధి వీధంతా నోళ్లు మూసుకుని, దీక్షితులుగారి అరుగుకేసి చూస్తూ, భుజాలు అదిరేలా నవ్వుతోంది. చాటింపు చూద్దామని గుర్రం మీద వచ్చిన రాజుగారికి ఏమీ అర్థం కాలేదు.

దీక్షితులుకు ఒళ్లు మండింది. అరుగు దిగొచ్చాడు. "నా గురించి ఏం చెబుతున్నావురా?"

గవరయ్య ఆయన చెవి దగ్గర పెదవులు కదిపాడు.

"వినపడలేదు."

ఇంకాస్త మెల్లగా కదిపాడు.

"గట్టిగా చెప్పి చావరా!"

ఆ కేకకు పడవల్లోని కోళ్లన్నీ ఒక్కసారి లేచాయి. పక్క కొట్టులోని మంగలి కత్తి తీసి, "సగం తలంటే పిలక ఏ సగంలోకి వస్తుందండీ?" అని మర్యాదగా అడిగాడు.

దీక్షితులు రెండు చేతులా పిలక పట్టుకుని రాజుగారి గుర్రం చాటుకు పరిగెత్తాడు. "ప్రభూ! అది ఇంకా చట్టం కాలేదు! డప్పు మోగనిదే చట్టం లేదు. ఇది మన ఆచారం!"

"నిజమే. అయితే మోగించు గవరయ్యా," అన్నారు రాజుగారు.

గవరయ్య పుల్ల ఎత్తి ఆగాడు.

"మోగిస్తానండీ. కానీ ఆ తర్వాత దీక్షితులుగారు ఒక్కపూటైనా అరవకుండా ఉండగలరా?"

"ఎందుకుండలేనురా!" అని దీక్షితులు వీధి దద్దరిల్లేలా అరిచాడు.

మంగలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"వద్దు! మోగించకురా నాయనా, నీకు పుణ్యముంటుంది!"

రాజుగారు నవ్వు బిగపట్టుకుని, "అసలు ఆ దేశంలో ఈ చట్టమెందుకయ్యా?" అన్నారు.

దీక్షితులు తల దించుకున్నాడు. "గట్టిగా అరిస్తే కొండమీది మంచు జారి ఊరిమీద పడుతుందట ప్రభూ."

"మన ఊళ్లో చల్లనిదంటూ ఉంటే తాటిముంజే కదయ్యా!"

రాజుగారు ఆ మాటంటూనే గుర్రం మీదనుంచి జారిపడేంతగా నవ్వారు. చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగారు. కోటముందున్న పెద్ద పడవను కోళ్లతో సహా ఇచ్చేశారు. తెచ్చుకున్న మూడు చట్టాలూ రద్దన్నారు.

ఆ రద్దు మాత్రం గవరయ్య గుసగుసగా చెప్పలేదు. మూడు వీధులూ మోగిపోయేలా కొట్టాడు. జనం బిగపట్టుకున్న నవ్వంతా అప్పుడు బయటికొచ్చింది.