కుప్ప దగ్గరి సన్యాసమ్మ

సముద్రం ఇప్పటికన్నా రెండు కోసులు ముందుకొచ్చి ఉన్న రోజుల్లో, అనగా అనగా ఒక ఉప్పుపాలెం. ఆ పాలెంలో ఒక బడి. బడిలో ముగ్గురు పంతుళ్లు, ఒక కుర్చీ. కుర్చీ పెద్ద పంతులుది. వీళ్లు కాక బడిలో ఇంకో మనిషి కూడా ఉండేది. ఆమెని ఎవరూ మనిషిగా లెక్కపెట్టలేదు కాబట్టి ఆఖర్న చెప్పాల్సొస్తోంది.

ఆమె పేరు సన్యాసమ్మ. పొద్దున్నే బడి ఊడ్చేది. కుండల్లో నీళ్లు నింపేది. తట్టెడు ఇసక తెచ్చి, జల్లించి, చిన్న పిల్లలు ఓనమాలు దిద్దుకోడానికి నేల మీద పరిచేది. అంతకు ముందు నలభై ఏళ్లు ఉప్పు మళ్లలో తట్టలు మోసింది. మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. అరచెయ్యంత మేర నున్నగా మెరిసేది.

ఆమెకి ఒకే ఒక్క మనవరాలు, పైడమ్మ. ఆ పిల్ల బడికెళ్లేది. సన్యాసమ్మకి దేవుళ్లని పెద్ద కోరికలు కోరే అలవాటు లేదు. పైడమ్మ నెత్తిన జుట్టు ఉండాలి, అంతే.

ఉప్పు మళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. తట్ట నిండా తడి ఉప్పు నింపాక ఎంత బలమైన మనిషీ దాన్ని తనంతట తాను నెత్తికెత్తుకోలేదు. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. అందుకని అందరికన్నా పెద్దామె ఉప్పు కుప్ప దగ్గర నిలబడేది. "బరువు సరిపోయిందా?" అని అడిగేది. ఎక్కువైందంటే రెండు దోసిళ్లు తీసేసేది. సరిపోయిందంటే పట్టి ఎత్తేది. అందరి తట్టలూ లేచాకే తన తట్ట. దానికి ఆఖరున వెళ్లే మనిషి వెనక్కి తిరిగొచ్చి చెయ్యేసేది. పెద్దరికమంటే మళ్లలో అదే. కుర్చీ వెయ్యడానికి అక్కడ చోటెక్కడిది?

ఆ బడికి మొదట భైరవమూర్తి అనే పెద్ద పంతులు వచ్చాడు. ఆయనకి బెత్తమంటే ఇష్టం. పిల్లలకి చూపించేవాడు, పంతుళ్లకీ చూపించేవాడు. ఆలస్యంగా వచ్చిన పంతుల్ని గుమ్మం ముందు ఎండలో, పిల్లలు చూస్తుండగా నిలబెట్టేవాడు.

అప్పుడు ముగ్గురు పంతుళ్లూ మూడు సంగతులు దాచుకున్నారు. ముసలి జోగయ్య పంతులుకి చూపు మందగించింది. చదవలేక పాత పాఠాలే నోటికి వల్లించేవాడు. కుర్ర కామేశానికి భిన్నాలు రావు. కూడికలూ తీసివేతలూ చెప్పిందే చెప్పేవాడు. చుక్కమ్మ పంతులమ్మకి చంటిపిల్ల. బడికి తేకూడదని ఆజ్ఞ కాబట్టి అరకోసు దూరంలో ఒక పాకలో వదిలొచ్చేది. మధ్యాహ్నానికి పాలు చేపి రవిక తడిసేది. కొంగు కప్పుకుని, తలనొప్పని చెప్పి, పిల్లల్ని ముందే పంపేసేది.

సన్యాసమ్మ అంతా చూసింది. ఇసక జల్లించింది. ఏమీ అనలేదు.

దసరాకి దివాను గారు పరీక్షకొచ్చారు. పిల్లల చేత ఒక ఉత్తరం చదివించారు, ఒక లెక్క చేయించారు, ఒక మాట రాయించారు. పిల్లలు చదవలేదు, చెయ్యలేదు, రాయలేదు. దివాను గారు పంతుళ్లని తిట్టి, పెద్ద పంతుల్ని మార్చి వెళ్లిపోయారు.

రెండో ఏడు మధురానాథం వచ్చాడు. ఈయన బెత్తం ముట్టలేదు. పేరుకి తగ్గట్టు నోట్లో తేనె. ఒక్కొక్క పంతుల్నీ విడిగా పిలిచి, పక్కన కూచోబెట్టుకుని, "నాయనా, నిన్ను నేను సొంత మనిషిలా చూసుకుంటున్నాను. మిగతా ఇద్దరి సంగతేమిటో చెప్పు" అనేవాడు. ముగ్గురినీ అలాగే అడిగాడు. ముగ్గురూ చెప్పారు. ఎవరి మీద ఎవరేం చెప్పారో నెల తిరక్కుండా ముగ్గురికీ తెలిసిపోయింది. అటు తరవాత ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. ఒకరి సుద్దముక్క ఒకరు ముట్టలేదు.

సన్యాసమ్మ అంతా చూసింది. ఇసక జల్లించింది. ఏమీ అనలేదు.

దసరాకి దివాను గారొచ్చారు. పిల్లలు చదవలేదు, చెయ్యలేదు, రాయలేదు.

"వచ్చే దసరాకీ ఇలాగే ఉంటే ఈ బడిని ఉప్పుకొట్టు చేసేస్తాను. పిల్లలు మళ్లలో పనికి పోతారు" అన్నారు దివాను గారు.

నీళ్లకుండ మీద మూత పెడుతూ సన్యాసమ్మ విన్నది. గుమ్మం పక్కన పైడమ్మ రెండు జడలేసుకుని కూచుని ఉంది. సన్యాసమ్మ చెయ్యి తన నడినెత్తి మీదికి వెళ్లింది.

రెండుసార్లు తప్పిన బడికి పెద్ద పంతులుగా రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మధురానాథం తియ్యగా సెలవు తీసుకుని పోయాడు. దివాను గారు బాగా ఆలోచించారు. ఆలోచించి తన జరీ తలపాగా ఒకటి పంపించారు. "మనిషి దొరికేదాకా ఇదే పెద్ద పంతులు. కుర్చీలో పెట్టండి. రోజూ దండం పెట్టండి. ఎవరూ ముట్టకండి" అని కబురు.

ఉప్పుపాలెం వాళ్లు ఆజ్ఞ మీరే మనుషులు కారు. తలపాగాని కుర్చీలో పెట్టారు. ముగ్గురు పంతుళ్లూ పొద్దున్నే వరసగా వెళ్లి దండం పెట్టి వచ్చేవారు. బడి నడపడానికి నలభై ఏళ్లు బరువులెత్తిన ఆడదానికన్నా ఖాళీ తలపాగా నయమని దివాను గారికే కాదు, అప్పట్లో అందరికీ తోచింది.

మొదటి రోజు దండాలయ్యాక సన్యాసమ్మ ఇసక తట్ట గుమ్మంలో దింపి నిలబడింది. ఈమధ్యే పుట్టిన రెండో చంటిపిల్లని కూడా ఆ పాకలోనే వదిలి చుక్కమ్మ లోపలికి వస్తోంది.

"బరువు సరిపోయిందా, అమ్మా?"

"ఏం బరువు?"

"పాకలో పడుకోబెట్టొచ్చినావు సూడు, ఆ బరువు."

చుక్కమ్మ మొహం పాలిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"మూడు మడతల కొంగు కప్పినా పాలవాసన ఆగదమ్మా. సంటి గుంటని ఇక్కడికి తెచ్చీ. ఆ కుర్చీ గదిలో ఉయ్యాల కడతాను."

"తలపాగా ఉందిగా అక్కడ."

"ఉంటే ఉండనీ. అది లెగిసి ఏటంటాది?"

దూలానికి కోక కట్టి ఉయ్యాల వేసింది సన్యాసమ్మ. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, ఆ గుమ్మంలోనే కూచుని ఇసక జల్లించేది. పిల్ల ఏడిస్తే చుక్కమ్మని పిలిచేది. చుక్కమ్మ పాలిచ్చి వచ్చేదాకా ఓనమాల పిల్లల దగ్గర తనే కూచునేది. ఆమెకి అక్షరం రాదు. "మీ పంతులమ్మ రాసినదాని మీదే వేలు తిప్పండర్రా, పక్కకెళ్తే సెవి పిండేస్తాను" అనేది. అది చాలింది. చుక్కమ్మ తలనొప్పి ఆ రోజుతో పోయింది.

రెండో రోజు కామేశం ముందు నిలబడింది.

"బరువు సరిపోయిందా, బాబూ?"

"నాకేం బరువు? నీ పని చూసుకో."

"నా పనే సూసుకుంటన్నాను. జోగయ్య బాబు లెక్కలు సెప్పిన కాలంలో నల్లబల్ల మీద ఒక అంకె నెత్తిన ఇంకో అంకె ఎక్కి కూకునేది. నువ్వొచ్చిన కాడినుంచి అలాటి లెక్క ఒక్కటీ నాను తుడవలేదు."

కామేశం చెవులు ఎర్రబడ్డాయి. "ఊళ్లో చెప్తావా?"

"సెప్పడానికైతే ఇన్నాళ్లాగుదునా? నీకు బిన్నాలు లేవు. ఆ ముసలాయనకి కళ్లు లేవు. ఇద్దరికీ సెరో పక్కా పట్టుకోడానికి ఒక తట్ట సాలు."

"ఆయన నా మీద మధురానాథానికి చాడీలు చెప్పాడు."

"నువ్వు సెప్పలేదేటి?"

కామేశం తల వంచుకుని గదిలోకి వెళ్లాడు.

మూడో రోజు జోగయ్య పంతులు ముందు నిలబడింది. ఆయన ఆమె నోరు తెరవకముందే, "నా బరువు నాకు తెలుసు సన్యాసమ్మా. ముసలివాణ్ని పంపించేస్తారనే దాచుకున్నాను" అన్నాడు.

"పంపించడానికి ఎవరున్నారు బాబూ? తలపాగానా?"

జోగయ్య పంతులు చాలా కాలానికి నవ్వాడు.

ఆ సాయంత్రం నుంచి పిల్లలు వెళ్లాక కామేశం కొత్త పుస్తకాలు పైకి చదివేవాడు, జోగయ్య వినేవాడు. జోగయ్య ఇసకలో గీత గీసి, పైనొక అంకె కిందొక అంకె వేసి భిన్నాలు చెప్పేవాడు, కామేశం దిద్దేవాడు. తొలి రెండు రోజులూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడో రోజు కామేశం, "పంతులు గారూ, ముప్పావులోంచి సగం తీయడం నాకింకా ఎక్కలేదు" అన్నాడు. ఒక పంతులు తనకి రాదని నోరు విప్పి చెప్పడం ఆ బడి పుట్టాక అదే మొదలు.

ఇదంతా సాఫీగా సాగలేదు. ఒకసారి ఇద్దరూ పెద్దగా అరుచుకున్నారు. సన్యాసమ్మ మధ్యలో చీపురు పడేసి, "మీరు కొట్టుకోండి, అయ్యాక ఊడుస్తాను" అంది. ఇంకోసారి తనే తప్పు చేసింది. చుక్కమ్మ పాఠంలో మునిగి ఉంటే పసిపిల్లకి జ్వరం వచ్చిన సంగతి చెప్పకుండా సాయంత్రం దాకా దాచింది, పాఠం ఆగిపోతుందని. చుక్కమ్మ ఆమెని దులిపేసింది. సన్యాసమ్మ, "నా బుద్ది గడ్డి తింది. ఇంక సెప్పకుండా ఉండను" అంది. పెద్ద పంతుళ్లెవరూ ఆ కుర్చీలోంచి అలాంటి మాట అనగా ఆ ముగ్గురూ వినలేదు.

రోజూ పొద్దున్న అదే మాట: "బరువు సరిపోయిందా?" ఒక్కోరోజు ఎవరో ఒకరు ఎక్కువైందనేవారు. అప్పుడు ఆ పనిలోంచి రెండు దోసిళ్లు తీసి మిగతావాళ్లు పంచుకునేవారు. అందరూ గదుల్లోకి వెళ్లాక సన్యాసమ్మ ఇసక తట్ట ఎత్తబోతే, ఆఖరున ఉన్నవాళ్లు వెనక్కొచ్చి చెయ్యేసేవారు.

దసరా వచ్చింది. దివాను గారు వచ్చారు. ఉత్తరం చదవమన్నారు. చదివారు. లెక్క చెయ్యమన్నారు. భిన్నాల లెక్క. చేశారు. మాట రాయమన్నారు. పైడమ్మ లేచి బల్ల మీద "ఉప్పు" అని రాసి, దివాను గారి వైపు చూసి, "ఇంకా రాయమంటారా?" అంది.

దివాను గారు ఉప్పొంగిపోయారు. "చూశారా నా తలపాగా మహిమ" అంటూ కుర్చీ దగ్గరికి నడిచి, దాన్ని తీసి నెత్తిన పెట్టుకున్నారు.

ఎవరూ ముట్టకూడదని ఆజ్ఞ. ఎవరూ ముట్టలేదు. ఏడాదిగా అందులో ఒక చుంచెలక కాపురం ఉంటోంది. మూడు పిల్లలు దివాను గారి చెవి మీదుగా జారి భుజం మీద పడ్డాయి.

చుక్కమ్మే అంది, "చిత్తం దివాను గారూ. మీ తలపాగా పెంచినవి ఆ మూడు. ఈ పిల్లల్ని ఆమె పెంచింది."

అందరూ చుక్కమ్మ చూపించిన వైపు చూశారు. సన్యాసమ్మ కాలికి తాడు కట్టుకుని ఇసక జల్లిస్తోంది.

దివాను గారు బడి ఉంచారు. సన్యాసమ్మని కుర్చీలో కూచోమన్నారా అంటే, అనలేదు. దస్తావేజుల్లో "తలపాగా వారి హయాంలో బడి బాగుపడినది" అనే రాయించారు. కావాలంటే చూసుకోవచ్చు, చెదలు తినకపోతే.

ఇంకో మూడేళ్లకి, వానాకాలం జ్వరంలో సన్యాసమ్మ పోయింది. పాడె లేవాలి. ముందు వైపు జోగయ్య, కామేశం నిలబడ్డారు. వెనక వైపు పైడమ్మ తండ్రి ఒక పక్క నిలబడితే, రెండో పక్కకి చుక్కమ్మ వచ్చి కొంగు బిగించింది.

"ఆడది పాడె మోస్తుందా?" అన్నాడు ఊరిపెద్ద.

"ఆడది నలభై ఏళ్లు మీ ఉప్పు మోస్తుంటే ఈ మాట అడగలేదేం?" అంది చుక్కమ్మ. "ఇది ఆమె ఆఖరి తట్ట. వెనక్కొచ్చి చెయ్యెయ్యడం మా వంతు."

మర్నాడు బడిలో ఇసక లేదు. కామేశం జల్లెడ తీశాడు. ఆ మర్నాడు చుక్కమ్మ. అలా వంతులు పడ్డాయి. కొన్నాళ్లకి కొత్త పెద్ద పంతులొచ్చి, "నా కుర్చీ ఏది?" అన్నాడు. "ఉయ్యాల గదిలో ఉందండీ. ముందు ఈ తట్టకి ఓ చెయ్యెయ్యండి" అన్నాడు జోగయ్య పంతులు. కొత్తాయన బిత్తరపోయాడు కాని చెయ్యి వేశాడు.

సముద్రం వెనక్కి పోయింది. మళ్లు పోయాయి. ఆ పక్క ఊళ్లలో బడి తెరిచే రోజున ఇప్పటికీ పెద్ద పంతులు గుమ్మంలో ఇసక తట్ట పెట్టుకుని నిలబడతాడు. పంతుళ్లు ఒక్కొక్కరే వస్తుంటే "బరువు సరిపోయిందా?" అని అడుగుతాడు. కొందరు మనసులోంచి అడుగుతారు, కొందరు ఆనవాయితీకి అడుగుతారు. ఏది ఏదో పంతుళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, ఆ ఏడు పిల్లల చదువులోనూ తెలుస్తుంది. చదువుకున్న అమ్మాయిని అక్కడ "నెత్తిన జుట్టున్న పిల్ల" అంటారు. ఎక్కడైనా కొత్త అధికారి వచ్చాడంటే మంచివాడా చెడ్డవాడా అని అడగరు. "కుర్చీలో ఉన్నాడా, కుప్ప దగ్గరున్నాడా?" అని అడుగుతారు.

కథ కంచికి పోతే పోనివ్వండి. సన్యాసమ్మ మాత్రం ఎక్కడికీ పోలేదు, కుప్ప దగ్గరే ఉంది.