స్ప్రింగు మీద వేలు

కొత్త క్యామ్‌షాఫ్టు వేసిన దగ్గర్నుంచీ నాగముని కట్టిన ఇంజను, వాల్వును నెట్టే పుష్‌రాడ్డును వంచుకుని కూర్చుంటోంది. మార్చి వేస్తే అదీ వంగింది. కొండ రేసుకు పోవాల్సిన జీపు, గుంటూరు ఆటోనగర్‌లో అతని షెడ్డులో బానెట్టు తెరుచుకుని పడి ఉంది.

ఆ క్యామ్ మీద బొడిపెలు పాతదానికంటే ఎత్తు. వాల్వును మరింత లోతుకు నెడతాయి. ఇంజను మరింత గాలి పీలుస్తుంది, బండి మరింత ఉరుకుతుంది. మరింత అన్న మాటంటే నాగమునికి మహా ఇష్టం. అలా నెట్టినప్పుడల్లా తను నొక్కుకుపోయి, వాల్వును వెనక్కి తెచ్చేది స్ప్రింగు. అది మాత్రం పాతదే ఉంచేశాడు. సరిపోతుందిలే అనుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు కదా.

జాన్‌సైదా ఉస్తాద్ దగ్గర పని నేర్చినవాళ్లకు ఒక పద్ధతుంది. ఇంజను కట్టాక, స్టార్టు చేసేముందు చేత్తో తిప్పి చూడాలి. కింద బోల్టుకు పానా వేసి ఒకరు తిప్పుతుంటే, పైన స్ప్రింగు చుట్ల మీద రెండోవాళ్లు వేలు పెట్టి ఉంచాలి. చుట్ల మధ్య సందు చాలకపోతే ‘ఆగు’ అనాలి.

ఆ రెండో మనిషి ఇప్పుడు లేడు. నాగముని బావమరిది పిచ్చయ్య ఒకనాడు పనికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తడు.

పనిలో పడి ‘పిచ్చయ్యా, పానా’ అని చెయ్యి చాచడం నాగమునికి ఇంకా పోలేదు. అందించేవాళ్లు లేక, ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకుంటాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ముద్ద దిగదు. ఇంటికెళితే పెళ్లాం తమ్ముడి ఊసెత్తదు, ఇతనూ ఎత్తడు.

చివరికి గురువు దగ్గరికే వెళ్లాడు. ఉస్తాద్ పని మానేసి చాలా కాలమైంది. అడగ్గానే చొక్కా తొడుక్కుని వెంట వచ్చాడు.

షెడ్డంతా ఒకసారి కలియజూసి, “పిచ్చయ్యేడిరా?” అన్నాడు.

“మానేశాడు ఉస్తాద్. నేనేమన్నా తిట్టానా, కొట్టానా? రేసు పని ఉంది, పొద్దుపోయేదాకా ఉండమన్నాను, ఉన్నాడు. ఆదివారం రమ్మంటే వచ్చాడు. జ్వరంలోనూ వచ్చాడు. కష్టంగా ఉంటే నోరు తెరిచి చెప్పొచ్చుగా? చెబితే ఆపనా? వాడు లేకపోతే ఈ షెడ్డులో కూచోలేకపోతున్నా ఉస్తాద్. వాడొస్తే చాలు, రేసు ఏమైపోయినా ఫర్లేదు.”

ఉస్తాద్ చొక్కా చేతులు మడిచి, స్ప్రింగు చుట్ల మీద వేలు పెట్టాడు.

“తిప్పు.”

నాగముని జీపు కిందికి దూరి పానా వేశాడు. మొదట తేలిగ్గానే తిరిగింది. కాస్త తిరిగాక బరువెక్కింది. చెయ్యి ఆపి విన్నాడు. పైనుంచి మాట రాలేదు. ఇంకొంచెం బలం పెట్టాడు. ఇంకా బరువెక్కింది. ఉస్తాద్ ఆగమనలేదు కదా అని రెండు చేతులూ వేసి లాగాడు. పానా బిగుసుకుపోయింది.

బయటికొచ్చి చూసేసరికి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య ముసలాయన వేలి కొస నలుగుతోంది. నెత్తురు చుట్ల వెంట కిందికి జారుతోంది. ఆయన మాత్రం పెదవి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

“అయ్యయ్యో!”

మళ్లీ కిందికి దూరి పానా వెనక్కి తిప్పాడు. లేచొచ్చి ఆ వేలికి తన జేబురుమాలు చుట్టాడు.

“నొప్పి పుడితే ఆగమని చెప్పొచ్చుగా ఉస్తాద్!”

“పానా నీ చేతికి బరువుగా తగల్లేదా?”

“తగిలింది.”

“మరి?”

“మీరేమీ అనలేదని...”

నాగముని తల వంచుకున్నాడు.

రుమాలు ముడి ఉస్తాద్ తనే పంటితో బిగించుకున్నాడు.

“అరిస్తేనే ఆగుతావా, నాగమునీ?”